చలికాలంలో మ్యూనిక్ నుంచి చుట్టుపక్కలకు: ఆరు రోజుల ప్రయాణం ఎలా వేసుకోవాలి

మ్యూనిక్‌లో కాపురం పెట్టినప్పటి నుంచి ప్రతి చలికాలం మా ఇంటికి ఊరి నుంచి ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. వచ్చే ముందు చూడాల్సినవాటి పట్టిక ఒకటి పంపుతారు. మా పిన్ని కొడుకు పంపిన పట్టికలో ఐదు రోజులకు పదకొండు ఊళ్లున్నాయి. మ్యాపు ముందు పెట్టుకుని దూరాలు చూసి వేసిన లెక్క అది. దూరాల వరకు తప్పేమీ లేదు, వాటిలో చాలా ఊళ్లు మ్యూనిక్ నుంచి రైల్లో రెండు గంటల లోపే. వాడు మరిచిపోయింది సూర్యుణ్ణి. డిసెంబరు చివర ఇక్కడ ఉదయం ఎనిమిదింటికి తెల్లవారుతుంది, సాయంత్రం నాలుగున్నర కాకముందే పొద్దుగూకుతుంది. అంటే చేతిలో ఉండే వెలుతురు ఎనిమిది గంటల పైన మరో ఇరవై నిమిషాలు. అందులో నాలుగు గంటలు రైలుకిస్తే మిగిలేది ఎంతో మీరే చూసుకోండి.

కాబట్టి కింద చెప్పేదంతా ఈ వెలుతురు లెక్క చుట్టూనే తిరుగుతుంది. ఎన్ని ఊళ్లు చూశామన్నది పక్కన పెట్టి, ఏ రోజు వెలుతురును ఎక్కడ ఖర్చు పెడతామన్నది ముందు తేల్చుకోండి.

ముందు తేదీలు తేల్చుకోండి

చలికాలం అంతా ఒకే రకంగా ఉండదు. నవంబరు చివరి వారం నుంచి డిసెంబరు 24 వరకు క్రిస్మస్ సంతల కాలం. దీపాలు, వేడి పానీయాలు, కాల్చిన బాదంపప్పు వాసన, వాటితో పాటు జనం, పెరిగిన గది అద్దెలు. సంతలే చూడాలనుకుంటే ఇదే సమయం, దీనికి బదులు మరొకటి లేదు. 24 మధ్యాహ్నానికి దుకాణాలు మూసేస్తారు. 25, 26 సెలవులు. ఆ రెండున్నర రోజులు ఊరు నిద్రపోయినట్టుంటుంది. ఆ రోజుల్లో వచ్చి "ఏమీ తెరిచి లేదేమిటి" అని బాధపడినవాళ్లను చాలామందిని చూశాను. జనవరి 1తో పాటు జనవరి 6 కూడా మ్యూనిక్ ఉన్న ఈ బవేరియా రాష్ట్రంలో సెలవే. ఆదివారాల్లో ఏడాది పొడవునా దుకాణాలు మూతే. ప్రధాన రైల్వే స్టేషన్లోనూ విమానాశ్రయంలోనూ ఉన్న సూపర్ మార్కెట్లు మాత్రం ఆదుకుంటాయి.

సంతల మీద అంత మోజు లేదు, మంచు చూడాలి అనుకుంటే జనవరి చివర నుంచి ఫిబ్రవరి మధ్య దాకా రండి. నా ఓటు దానికే. కొండల మీద మంచు బాగా పడి ఉంటుంది, గదులు కాస్త చవక. ఫిబ్రవరి మధ్యకు సాయంత్రం ఐదున్నర వరకు వెలుతురు ఉంటుంది, క్రిస్మస్ నాటికంటే ఒక గంట ఎక్కువ. మ్యూనిక్ నగరంలో మాత్రం మంచు ఖాయమనుకోకండి. ఒక వారం మోకాలిలోతు ఉంటుంది, మరో వారం బూడిదరంగు ఆకాశం, సన్నటి వాన, అంతే. 

తేదీలు ఖరారు చేసే ముందు మ్యూనిక్‌లో ఆ వారం పెద్ద వాణిజ్య ప్రదర్శన ఏదైనా ఉందేమో వెతకండి. ఇక్కడ దాన్ని మెస్సె అంటారు. మెస్సె ఉన్న రోజుల్లో మామూలు గది అద్దె కూడా కొండెక్కి కూర్చుంటుంది. ఫిబ్రవరిలో జరిగే భద్రతా సదస్సు రోజుల్లో నగరం నడిబొడ్డున కొన్ని వీధులు పోలీసుల చేతిలో ఉంటాయి.

వీసా పనికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెద్దవాళ్లకు రుసుము 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్యబీమా తప్పనిసరి. దరఖాస్తు తీసుకునే కేంద్రం హైదరాబాదులో ఉంది. డిసెంబరు ప్రయాణానికి సెప్టెంబరులోనే కదలండి, చివర్లో అపాయింట్‌మెంట్ దొరకడమే గగనమవుతుంది. ఆస్ట్రియా కూడా అదే షెంగెన్ పరిధి, అంటే ఒకే వీసాతో తిరిగే దేశాల గుంపు కాబట్టి సాల్జ్‌బుర్గ్ వెళ్లొస్తే ఒకసారి ప్రవేశించే వీసా అయినా చెల్లుతుంది. పాస్‌పోర్టు మాత్రం గదిలో వదిలి వెళ్లకండి.

బస ఒక్కచోటే పెట్టుకోండి

రెండు రాత్రులు ఇక్కడ, రెండు రాత్రులు అక్కడ అన్న పద్ధతి వేసవిలో బాగుంటుంది. చలికాలంలో పెట్టెలు లాక్కుంటూ, మంచులో చక్రాలు ఇరుక్కుంటూ, గది ఎప్పుడిస్తారా అని ఎదురుచూస్తూ గడిపే సమయమంతా పగటి వెలుతురులోంచే పోతుంది. మ్యూనిక్‌లో ఆరు రాత్రులు ఒకే గది తీసుకుని అక్కడి నుంచే వెళ్లొస్తూ ఉండండి.

గది ప్రధాన స్టేషన్ పక్కనే ఉండాలన్న నియమమేమీ లేదు. పడమటి వైపు పాసింగ్ అనే స్టేషన్ ఉంది. గార్మిష్, ఫ్యూసెన్, ఆగ్స్‌బుర్గ్ వెళ్లే రైళ్లు అక్కడ ఆగుతాయి. తూర్పున ఓస్ట్‌బాన్‌హోఫ్ ఉంది. సాల్జ్‌బుర్గ్ రైలు అక్కడ ఆగుతుంది. మీ ప్రయాణాలు ఎక్కువగా ఏ దిక్కుకో చూసుకుని, ఈ రెండింటిలో ఒకదాని దగ్గర గది తీసుకుంటే పొద్దున పావుగంట కలిసొస్తుంది, అద్దె కూడా తరచూ తక్కువే ఉంటుంది.

ప్రధాన స్టేషన్ నుంచే ఎక్కేవాళ్లకు ఒక హెచ్చరిక. అక్కడ 27 నుంచి 36 వరకు ప్లాట్‌ఫారాలు ఉత్తరం వైపు విడిగా, చాలా లోపలికి ఉంటాయి. గార్మిష్ రైళ్లు అక్కడి నుంచే. ప్రధాన హాలు నుంచి పెద్దవాళ్లతో నడిస్తే పది నిమిషాలు పడుతుంది. స్టేషన్లో కొన్నేళ్లుగా కొత్త కట్టడం పనులు సాగుతున్నందున దారులు కూడా మారుతుంటాయి. రైలు 9.30కి అంటే 9.10కే స్టేషన్లో ఉండండి.

బయర్న్ టికెట్, తొమ్మిది గంటల మెలిక

ఈ ప్రయాణమంతా ఒకే టికెట్ మీద నడుస్తుంది. దాని పేరు బయర్న్ టికెట్. ఒక రోజంతా బవేరియాలోని ప్రాంతీయ రైళ్లన్నింటిలో, మ్యూనిక్ లోపల మెట్రో, ఎస్-బాన్ అనే శివారు రైళ్లు, ట్రామ్, బస్సుల్లో కూడా అది చెల్లుతుంది. సాల్జ్‌బుర్గ్ ఆస్ట్రియాలో ఉన్నా ఆ స్టేషన్ దాకా చెల్లుతుంది. ఒకరికి ముప్పై యూరోలు దాటుతుంది, కూడా వచ్చే ప్రతి మనిషికీ పది యూరోల చుట్టుపక్కల కలపాలి, గరిష్ఠంగా ఐదుగురు. ఐదుగురు కలిసి వెళితే తలకు పదిహేను యూరోల దగ్గర తేలుతుంది. ఆరేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. ధర దాదాపు ఏటా మారుతుంది కాబట్టి కొనేరోజు చూసుకోండి. ప్రయాణించే అందరి పేర్లూ టికెట్ మీద ఉండాలి. ఐసీఈ, ఐసీ, ఈసీ అన్న అక్షరాలున్న వేగపు రైళ్లలో ఇది చెల్లదు. పొరపాటున ఎక్కితే టికెట్ లేనట్టే లెక్క.

మెలిక ఏమిటంటే, సోమవారం నుంచి శుక్రవారం వరకు ఈ టికెట్ ఉదయం తొమ్మిది తర్వాతే మొదలవుతుంది. శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో అర్ధరాత్రి నుంచే చెల్లుతుంది. వేసవిలో దీన్ని ఎవరూ పట్టించుకోరు, రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది కదా. చలికాలంలో ఇదే మీ పట్టికను నిర్ణయిస్తుంది. తొమ్మిది తర్వాత బయలుదేరి రెండు గంటలు ప్రయాణిస్తే దిగేసరికి పదకొండున్నర, పన్నెండు. చీకటి పడటానికి నాలుగు గంటలు.

అందువల్ల దూరపు ఊళ్లను శని, ఆదివారాలకు పెట్టుకోండి. దగ్గరివి వారపు రోజులకు. జనవరి 6 మంగళవారమో బుధవారమో వచ్చినా అది సెలవు కాబట్టి ఆ రోజు తెల్లవారుజామునే బయలుదేరవచ్చు, ఇది చాలామందికి తట్టదు. వారపు రోజున తప్పక తొందరగా వెళ్లాలంటే ఇంకో దారి ఉంది. రైలు తొమ్మిది దాటాక మొదట ఏ స్టేషన్లో ఆగుతుందో చూసి, అక్కడి వరకు మామూలు టికెట్ విడిగా కొనండి. అక్కడి నుంచి బయర్న్ టికెట్ పనిచేస్తుంది, మధ్యలో దిగక్కర్లేదు.

నగరంలో మాత్రమే తిరిగే రోజున ఇది దండగ. ఆ రోజుకు నగర రవాణావాళ్ల రోజు టికెట్ చాలు, నలుగురైదుగురుంటే గుంపు టికెట్ తీసుకోండి. యంత్రం నుంచి వచ్చిన టికెట్ మీద తేదీ, సమయం పడి ఉండకపోతే ఎక్కేముందు నీలంరంగు డబ్బాలో ముద్ర వేయించుకోవాలి. తనిఖీవాళ్లు మామూలు బట్టల్లోనే వస్తారు. జరిమానా 60 యూరోలు. కొత్తవాళ్లమండీ అంటే కరగరు.

కట్టేసిన రోజు ఒకటి, వదిలేసిన రోజులు మిగతావి

ఆరు రోజుల్లో ముందే టికెట్ కొని కట్టేసుకోవాల్సింది ఒక్క రోజే, అది నొయ్‌ష్వాన్‌స్టైన్ కోట రోజు. దూరపు ఊరికి ఒక శనివారమో ఆదివారమో కేటాయించండి. మిగిలిన రోజుల్ని పేరు పెట్టకుండా వదిలేయండి. ఎండ వస్తే కొండ, మసక కమ్మితే ఊరు. ఏ రోజు ఏదన్నది ముందురోజు రాత్రి తేల్చుకుంటే చాలు.

పర్వత శిఖరానికి టికెట్ వారం ముందే కొన్నవాళ్లు అరవై యూరోలిచ్చి మబ్బులోపలికి వెళ్లి తెల్లటి గోడ చూసి వచ్చారు. దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. చలికాలంలో మ్యూనిక్ మీద రోజుల తరబడి పొగమంచు మూత పెట్టినట్టు కూర్చుంటుంది. కింద జనం ముఖాలు వేలాడేసుకుని తిరుగుతుంటారు, అదే సమయంలో రెండువేల మీటర్ల పైన నీలాకాశం, కళ్లు చెదిరే ఎండ. కాబట్టి మీ కిటికీలోంచి చూసి నిర్ణయించకండి. శిఖరం మీద పెట్టిన కెమెరా చిత్రాలు నెట్‌లో ఎప్పటికప్పుడు కనిపిస్తుంటాయి. పొద్దున కాఫీ తాగుతూ అవి చూసి, అప్పుడు టికెట్ కొనండి.

నొయ్‌ష్వాన్‌స్టైన్ రోజు

రెండో లుడ్విగ్ రాజు 1869లో మొదలుపెట్టించిన కోట ఇది. 1886 జూన్‌లో ఆయన సరస్సులో శవమై తేలే నాటికి ఇంకా పూర్తి కాలేదు. కొద్ది వారాలకే, ఆగస్టు 1న, డబ్బులు తీసుకుని జనాన్ని లోపలికి పంపడం మొదలుపెట్టారు. ఒంటరిగా ఉండాలని కట్టుకున్న ఇల్లు అది. 2025లో యునెస్కో జాబితాలోకి కూడా ఎక్కింది, కనుక రద్దీ ఇంకా పెరగడమే తప్ప తగ్గదు.

మ్యూనిక్ నుంచి ఫ్యూసెన్‌కు రైలు సుమారు రెండు గంటలు. కొన్ని నేరుగా వెళతాయి, కొన్నింటికి బుఖ్‌లోయెలోనో కౌఫ్‌బోయ్‌రెన్‌లోనో మారాలి. ఫ్యూసెన్ స్టేషన్ ముందు నుంచి హోహెన్‌ష్వాంగౌ ఊరికి బస్సు పది నిమిషాలు, బయర్న్ టికెట్ దానికీ సరిపోతుంది. అక్కడి నుంచి కోట దాకా ఎక్కుడు దారి, నడక నలభై నిమిషాలు. మంచు, గడ్డకట్టిన నీరు ఉంటే పైకి వెళ్లే షటిల్ బస్సు నడవదు. గుర్రపు బండి ఉంటుంది కానీ అది కూడా కోట గుమ్మం దాకా వెళ్లదు, చివరి కొంత దూరం నడవాల్సిందే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు ఈ మాట ముందే చెప్పుకోండి.

ఇప్పుడు లెక్క కట్టండి. వారపు రోజున తొమ్మిది తర్వాతి రైలెక్కితే, బస్సు, ఎక్కుడు కలుపుకుని గుమ్మం దగ్గరికి చేరేసరికి ఒంటిగంట అవుతుంది. కాబట్టి ఒకటిన్నరకో రెండుకో సమయం బుక్ చేసుకోండి. చలికాలంలో కోట నాలుగింటి దాకానే. మీ టికెట్ మీదున్న సమయం దాటితే లోపలికి పంపరు, రైలు ఆలస్యమైందన్నా వినరు. అందుకే అరగంట ఎక్కువే పెట్టుకోమంటాను. లోపల చూపించేది అరగంటకు కాస్త అటూఇటూ, ఫొటోలు తీయనివ్వరు. డిసెంబరు 24, 25, 31, జనవరి 1 తేదీల్లో మూసి ఉంటుంది.

అందరి ఫోన్లలోనూ ఉండే ఆ కోట బొమ్మ మారియెన్‌బ్రూక్ అనే వంతెన మీద నుంచి తీసింది. మంచు పడితే ఆ దారికి అడ్డంగా కంచె వేస్తారు. కంచె దాటి వెళ్లేవాళ్లు కనిపిస్తారు, మీరు వాళ్ల వెనక వెళ్లకండి. కింద లోతైన లోయ ఉంది, కాలికింద గాజులాంటి మంచు. వంతెన దొరకలేదని దిగులుపడక్కర్లేదు. కింద ఆల్ప్‌జే సరస్సు ఒడ్డున పావుగంట నిలబడండి. అక్కడి నిశ్శబ్దం నాకు కోట లోపలి బంగారు గదులకంటే బాగా గుర్తుంది.

కొండ రోజు

త్సుగ్‌ష్పిట్సె జర్మనీలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం, 2962 మీటర్లు. మ్యూనిక్ నుంచి గార్మిష్-పార్టెన్‌కిర్షెన్‌కు రైలు గంటన్నర లోపు. అక్కడి స్టేషన్ పక్కనే పళ్లచక్రాల రైలు ఉంటుంది. ఐబ్‌జే సరస్సు దాకా వెళ్లి అక్కడ దిగి తాడు మీద నడిచే కేబుల్ కారులో పైకి వెళ్లడం, వచ్చేటప్పుడు పళ్ల రైల్లో దిగడం మంచి వరస. ఒకే టికెట్ రెండింటికీ పనికొస్తుంది. ఈ కేబుల్ కారు 2017 డిసెంబరులో మొదలైంది. దారి మొత్తానికి ఒక్కటే స్తంభం, 127 మీటర్ల ఎత్తు. పది నిమిషాల్లో దాదాపు రెండువేల మీటర్లు పైకి లేపుతుంది. చెవులు దిబ్బళ్లు పడతాయి. గుండెజబ్బు ఉన్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు వెళ్లేముందు డాక్టరును అడగడం మంచిది. బయర్న్ టికెట్ గార్మిష్ దాకానే, పైకి వెళ్లేదానికి విడిగా అరవై యూరోల పైచిలుకు అవుతుంది. సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలోనే చివరి దిగుడు బండి కాబట్టి మధ్యాహ్నం పన్నెండు దాటాక పైకి బయలుదేరితే డబ్బుకు తగ్గ సమయం దొరకదు. నవంబరులో మరమ్మతులకని కేబుల్ కారు కొన్నాళ్లు ఆపుతారు, అదీ చూసుకోండి.

అంత డబ్బు పెట్టడం ఇష్టం లేకపోయినా, కెమెరాలో శిఖరం మబ్బులో కనిపించినా, గార్మిష్ ప్రయాణం మానుకోనక్కర్లేదు. 1936 శీతాకాల ఒలింపిక్స్ జరిగిన స్కీ మైదానం నుంచి అరగంట నడిస్తే పార్ట్‌నాఖ్‌క్లామ్ అనే ఇరుకు లోయ వస్తుంది. సుమారు ఏడువందల మీటర్ల పొడవు, రెండు పక్కలా ఎనభై మీటర్ల దాకా రాతి గోడలు, అడుగున హోరుమని ఏరు. జనవరి, ఫిబ్రవరుల్లో ఆ గోడల నుంచి మనిషికంటే పొడవైన మంచు ఊడలు వేలాడుతుంటాయి. ప్రవేశ రుసుము శిఖరం టికెట్‌లో చిన్న వంతు. నా మాట అడిగితే మొదటిసారి మంచు చూసేవాళ్లకు ఈ లోయే ఎక్కువ గుర్తుండిపోతుంది. అయితే మంచు కరిగే వేళ రాళ్లు, మంచు పెళ్లలు పడతాయని మూసేస్తుంటారు, పొద్దున్నే తెరిచి ఉందో లేదో చూసి కదలండి. తలకు టోపీ ఉన్న జాకెట్ వేసుకోండి, పైనుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి.

పిల్లలుంటే గార్మిష్‌కు బదులు టేగెర్న్‌జే సరస్సు. రైల్లో గంట. ఒడ్డున నడక, స్లెడ్జి ఆట, వేడివేడి సూపు. ఆ సరస్సు దక్షిణపు కొసన ఉన్న వాల్‌బెర్గ్ కొండ మీద నుంచి ఆరున్నర కిలోమీటర్ల స్లెడ్జి దారి ఉంది కానీ అది అలవాటున్నవాళ్లకు. మొదటిసారి స్లెడ్జి ఎక్కేవాళ్లు ఊళ్లోని చిన్న దిబ్బతో సరిపెట్టుకోవాలి. మా మేనమామ వినలేదు. ఆయన చెయ్యి ఆరు వారాలు కట్టులో ఉంది.

మసక రోజులకు ఊళ్లు

పొగమంచు కమ్మిన రోజున ఆగ్స్‌బుర్గ్ వెళ్లండి. ప్రాంతీయ రైల్లో ముప్పావు గంట. 1521లో యాకబ్ ఫుగ్గర్ అనే వర్తకుడు పేదల కోసం స్థాపించిన ఫుగ్గరై కాలనీలో ఇప్పటికీ జనం కాపురాలున్నాయి. ఏడాది అద్దె 88 సెంట్లు, దానితో పాటు దాత కోసం రోజుకు మూడు ప్రార్థనలు. చూడటానికి మీరిచ్చే టికెట్ డబ్బు వాళ్ల ఏళ్ల అద్దెతో సమానం, అందులో ఒక తమాషా ఉంది. గేటు లోపల ఇళ్ల ముందు నిలబడి కిటికీల్లోకి తొంగిచూడకండి, అవి మ్యూజియం బొమ్మలు కావు.

డాఖౌ వెళ్లాలా వద్దా అని చాలామంది అడుగుతారు. నాజీలు 1933 మార్చిలో తెరిచిన నిర్బంధ శిబిరం అది. 1945 ఏప్రిల్ 29న అమెరికా సైన్యం విడిపించే దాకా రెండు లక్షల మందికి పైగా అక్కడ బందీలయ్యారు, నలభై ఒక్క వేల మందికి పైగా చనిపోయారు. టిప్పు సుల్తాన్ వంశస్థురాలు, బ్రిటిష్ గూఢచారిణి నూర్ ఇనాయత్ ఖాన్‌ను 1944 సెప్టెంబరులో కాల్చి చంపింది ఇక్కడే. శవదహనశాల దగ్గర గోడమీద ఆమె పేరున్న ఫలకం ఉంటుంది. ఎస్2 రైలు, తర్వాత 726 నంబరు బస్సు. ప్రవేశం ఉచితం. ఖైదీలను నిలబెట్టి లెక్కపెట్టిన ఖాళీ మైదానంలో జనవరి గాలికి, ఇన్ని ఉన్ని బట్టలున్నా, పది నిమిషాలు నిలబడలేరు. వెళ్లమనే అంటాను, కానీ చిన్నపిల్లల్ని తీసుకెళ్లకండి. అదే రోజు సాయంత్రానికి సంత, షాపింగు పెట్టుకోకండి.

న్యూరెంబర్గ్ అడ్వెంట్ రోజుల్లో, అంటే క్రిస్మస్‌కు ముందు వారాల్లో, చూడాల్సిన ఊరు. ప్రాంతీయ రైల్లో పావు తక్కువ రెండు గంటలు. హాప్ట్‌మార్క్ట్‌లో ఎర్ర తెలుపు గుడ్డ కప్పుల కింద సంత, మసాలా తేనె బిస్కత్తులైన లేబ్‌కూఖెన్. ఇది దూరపు ఊరే అయినా శని, ఆదివారాల నియమానికి మినహాయించండి. ఆ రోజుల్లో అక్కడ మన జాతరలా తోపులాట. వారపు రోజున వెళ్లినా నష్టం లేదు, దీపాల సంత చీకటి పడ్డాకే అందం. ముందు మధ్యాహ్నం 600 నంబరు న్యాయస్థానం చూడండి, 1945 నవంబరులో నాజీ నాయకుల విచారణ మొదలైన గది అది. మంగళవారం మూత.

సాల్జ్‌బుర్గ్‌కు మాత్రం శనివారమో ఆదివారమో ఇవ్వండి. పావు తక్కువ రెండు గంటలు, పొద్దున ఏడింటికి బయలుదేరితే రోజంతా దొరుకుతుంది. మొజార్ట్ పుట్టిన ఇల్లు గెట్రైడెగాస్సె వీధిలో తొమ్మిదో నంబరు. ఆ ఊరి కోట మీద నుంచి చూస్తే గోపురాల మీద మంచు కనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో సరిహద్దు దగ్గర పోలీసులు రైలెక్కి పాస్‌పోర్టులు చూస్తారు, దానివల్ల రైలు ఆలస్యమవుతుంటుంది. రాత్రి భోజనం మ్యూనిక్‌లో ఫలానా సమయానికని ఎవరికీ మాటివ్వకండి.

బెర్ష్‌టెస్‌గాడెన్, కోనిగ్‌జే మీ పట్టికలో ఉంటే కొట్టేయండి. అద్భుతమైన చోటే, కానీ రైలు, బస్సు కలిపి ఒకవైపే మూడు గంటలు. చలికాలపు రోజు అందుకు చాలదు.

మ్యూనిక్‌కు ఎప్పుడు? దిగిన రోజు, ఇంకా ఒక ఆదివారం. మారియెన్‌ప్లాట్స్ గడియారపు బొమ్మలు చలికాలంలో పదకొండుకు, పన్నెండుకు మాత్రమే ఆడతాయి, సాయంత్రం ఆట వేసవికే. ఆల్టె పినాకోటెక్ చిత్రశాలలో ఆదివారం టికెట్ ఒక్క యూరో. డ్యూరర్, రూబెన్స్ చిత్రాల ముందు వెచ్చగా మూడు గంటలు గడపవచ్చు.

బట్టలు, తిండి

మందపాటి కోటు ఒక్కటి కొనడం కంటే పొరలుగా వేసుకోవడం మేలు. లోపల థర్మల్, మధ్యలో ఉన్ని లేదా ఫ్లీస్, పైన గాలీ నీరూ చొరనివ్వని జాకెట్. రైల్లో, దుకాణాల్లో ఇరవై డిగ్రీల పైనే వెచ్చగా ఉంటుంది. పొరలైతే తీసేయవచ్చు, ఒక్క కోటైతే చెమట పడుతుంది, బయటికి రాగానే ఆ చెమటే వణికిస్తుంది. జీన్సు తడిస్తే ఆరదు. అసలు డబ్బు పెట్టాల్సింది బూట్ల మీద. అడుగున పట్టు ఉండాలి, మందపాటి మేజోడు పట్టేలా అర సైజు ఎక్కువ ఉండాలి. కొబ్బరినూనె సీసాలో రాయిలా గడ్డకడుతుంది, పెదవులకూ చేతులకూ వ్యాజలీన్ తెచ్చుకోండి. ఫోన్ బ్యాటరీ చలికి చప్పున పడిపోతుంది, లోపలి జేబులో పెట్టుకోండి. టికెట్ అందులోనే ఉంటే ఇది చిన్న సంగతి కాదు.

ఇంటి నుంచి తెచ్చే సామానులో జాగ్రత్త. మాంసం, పాల పదార్థాలు యూరప్‌లోకి తేకూడదు. అంటే కోడి పచ్చడి, నెయ్యి, పాలకోవా ఇంట్లోనే వదిలేయాలి. పచ్చి కరివేపాకు కూడా ధ్రువపత్రం లేకుండా కుదరదు. ఆవకాయ, కారప్పొడులు, అప్పడాలు భేషుగ్గా రావచ్చు. విహారం రోజున రైల్లోకి పులిహోర కట్టుకోండి, చల్లగా తిన్నా బాగుండేది అదొక్కటే.

శాకాహారులకు బయట దొరికేవి: జున్ను కలిపిన నూడుల్స్ లాంటి కేజెష్పెట్స్‌లె, బంగాళాదుంప అట్లయిన రైబెర్‌డాచి, ఉప్పు చల్లిన బ్రెట్సెల్, వెనిలా సాసులో తేలే డాంప్‌నూడెల్. మొదటి రెండింటిలో గుడ్డు ఉంటుంది, చివరిదానిలోనూ ఉండొచ్చు. అసలు మోసం బంగాళాదుంప సూపులో. పేరులో మాంసం ఉండదు, గిన్నెలో సన్నటి పంది ముక్కలుంటాయి. వాటిని ష్పెక్ అంటారు. "ఓనె ష్పెక్, ఓనె ఫ్లైష్" అని రెండూ లేకుండా ఇమ్మని అడగడం నేర్చుకోండి. సంతలో గ్లూవైన్ అంటే వేడి ద్రాక్షసారా, పిల్లలకూ తాగనివాళ్లకూ కిండర్‌పున్ష్ అడగండి. కప్పుకు డిపాజిట్ తీసుకుంటారు, తిరిగిస్తే డబ్బు వెనక్కి. చాలా గుడారాల్లో నోట్లు, చిల్లరే నడుస్తాయి. మరుగుదొడ్లకు కూడా యాభై సెంట్లో యూరోనో కావాలి. ప్రాంతీయ రైళ్లలో మరుగుదొడ్డి ఉంటుంది, మ్యూనిక్ ఎస్-బాన్‌లో ఉండదు. పెద్దవాళ్లతో ఉంటే రైలు మారేముందు ఇది గుర్తుంచుకోండి.

పొద్దున స్టేషన్లో చూసుకోవాల్సినవి

ముందురోజు రాత్రి రైల్వే యాప్‌లో మీ దారి ఒకసారి చూడండి. శని, ఆదివారాల్లో పట్టాల పనులు ఎక్కువ. ఎస్‌ఈవీ అన్న మూడు అక్షరాలు కనిపిస్తే కొంత దూరం రైలుకు బదులు బస్సు అని అర్థం, గంట అదనంగా లెక్కేసుకోండి.

రెండోది, ఇక్కడి రైళ్లు దారిలో విడిపోతాయి. ముందు పెట్టెలు ఒక ఊరికి, వెనక పెట్టెలు మరో ఊరికి. గార్మిష్‌కని ఎక్కి, టుట్‌సింగ్ దాటాక కిటికీలోంచి తెలియని సరస్సు చూస్తూ నేను కోఖెల్‌లో తేలాను. తప్పు నాదే, పెట్టె పక్కనున్న బోర్డు చదవలేదు. ఆ రోజు వెలుతురులో రెండు గంటలు అలా పోయాయి. ఎక్కేముందు పెట్టె మీద, ఎక్కాక లోపలి తెర మీద ఊరి పేరు చదవండి.

తిరుగు విమానానికి ముందురోజు దూరం వెళ్లకండి. 2023 డిసెంబరు 2న ఒక్క రాత్రి కురిసిన మంచుకు మ్యూనిక్ విమానాశ్రయమే మూతపడింది, రైళ్లు కూడా ఆగిపోయాయి. ఆ రోజును నగరానికే ఉంచుకోండి. ఇంటికి కొనే లేబ్‌కూఖెన్, చాక్లెట్లు అప్పుడే కొనుక్కోవచ్చు, అది ఆదివారం కాకుండా చూసుకుంటే.

విమానాశ్రయానికి ఎస్1, ఎస్8 రెండూ వెళతాయి, ముప్పావు గంట ప్రయాణం. పెట్టెలున్నవాళ్లు ఎస్8 ఎక్కండి. ఎస్1 నోయ్‌ఫార్న్‌లో రెండుగా విడిపోతుంది. ముందు భాగం ఫ్రైసింగ్ ఊరికి పోతుంది, విమానాశ్రయానికి వెళ్లేది వెనక భాగం.